గొట్టము సన్నమైతే మోటారుకు బరువా, తేలికా?



ఈ పూట మీతో ముచ్చటించదలచిన సంగతి పైకి చిన్నది, లోపల పెద్దది. ఎచ్చెర్ల దాపున ఒక రైతు పంపు పెట్టినాడనుకొందాము. నుయ్యి ఒక మూల, మడి మరొక మూల. నడుమ 100 మీటర్ల గొట్టము పరచవలెను. బజారులో 2 అంగుళాల గొట్టము చవక, 3 అంగుళాలది ప్రియము. ఏది కొనవలెను?

పక్కచేను మావ అంటాడు: "సన్నది తేకురా అల్లుడా! నీరు ఇరుక్కుని మోటారు మీద బరువు పడతాది. కాయిలు మాడిపోతాది."

గట్టు మీదనున్న అన్న అంటాడు: "ఏటి మావా ఆ మాట! పెద్ద గొట్టం తగిలిస్తేనే మోటారు వేడెక్కుతాది. నా కళ్ళతో సూసినాను. సన్నదే మంచిది తమ్ముడూ."

ఇద్దరూ అనుభవము గలవారే, ఇద్దరూ అబద్ధమాడేవారు కారు. అయినా ఒకరి మాట ఒకరి మాటకు ఎదురు. ఈ తగవు ఒక్క ఎచ్చెర్లలోనే కాదు, పంపు ఉన్న ప్రతి ఊరిలోను ఉన్నది. దీనిని తీర్చాలంటే మనము నీళ్ళు తోడిన చరిత్రను కొంత తిరగవేయవలెను. ఎందుకంటే మావ మాట ఒక కాలపు యంత్రానిది, అన్న మాట మరొక కాలపు యంత్రానిది.

మొదట యంత్రమంటే మన ఒళ్ళే. నాగావళికీ సముద్రానికీ నడుమనున్న ఈ నేలల్లో చెరువు కింద మడులు, గెడ్డల పక్క పొలాలు, నూతుల కింద కూరగాయ మళ్ళు ఉండేవి. పల్లములో నిలిచిన నీటిని గట్టు దాటించడానికి ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలబడి గూడ వేసేవారు. నూతి మీద ఏతము ఉండేది. ఒకడు దూలము మీద ముందుకు వెనక్కు నడుస్తుంటే, రెండవవాడు కింద బాన పట్టి నీళ్ళు కుమ్మరించేవాడు. ఏతము తొక్కినవాడికి బరువంటే ఏమిటో పుస్తకము చెప్పనక్కరలేదు. బాన పెద్దదైతే కాలికి తెలిసేది. నుయ్యి లోతైతే నడుముకు తెలిసేది. పోసిన నీరు కాలువలో ఎటు పోయినా తొక్కేవాడికి పట్టేది కాదు.

ఒళ్ళు నేర్పిన ఈ పాఠములో రెండు ముక్కలున్నాయి, గుర్తుంచుకోండి. పని అంటే నీటి బరువును ఎత్తుతో హెచ్చవేయగా వచ్చినది. ఒక సెకనులో 75 కిలోల నీటిని 1 మీటరు ఎత్తితే అది ఇంచుమించు ఒక అశ్వశక్తి. 5 లీటర్లను 15 మీటర్లు ఎత్తినా అంతే. ఈ లెక్క ఏతానికీ చెల్లును, నేటి మోటారుకూ చెల్లును.

తరువాత వచ్చినది ముషలకము గల పంపు, అనగా గొట్టములో బిరడా వంటిది పైకి కిందికి ఆడే పంపు. వీధిలోని చేతిపంపు ఆ జాతిదే. దానిలో ఒక్కొక్క పోటుకు ఇంత నీరని కొలత ఖాయము. ఆ నీరు బయటకు పోయి తీరవలెను, లోపల తప్పించుకొనే దారి లేదు. పైకి పోయే గొట్టము ఇరుకైతే నీటిని బలవంతాన తోయవలసి వస్తుంది. చెయ్యి లాగుతుంది, కాడ వంగుతుంది. పూర్తిగా మూసివేస్తే ఏదో ఒకటి పగలవలసినదే. "సన్న గొట్టము బరువు" అన్న మావ మాట ఈ పంపు విషయములో అక్షరాలా నిజము.

ఆ పంపులతోనే మరొక హద్దు కూడ లోకానికి తెలిసినది. ఎంత మంచి పంపయినా సుమారు 10 మీటర్ల లోతుకు మించి నీటిని పీల్చలేదని ఇటలీ దేశపు పండితుడు గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథములో ప్రస్తావించినాడు. ఎందుకో ఆయన శిష్యుడు టారిసెల్లి 1644లో వివరించినాడు. నీటిని పంపు లాగడము లేదు, బయటి గాలి బరువు దానిని పైకి నెడుతున్నది. ఆ గాలికున్న సత్తువ సుమారు 10.3 మీటర్ల నీటి కంబముతో సరి. ఈ మాట తిరిగి అవసరపడును.

ఇక మూడవది, నేడు మన నూతుల మీద, కాలువగట్ల మీద కనిపించే సెంట్రిఫ్యూగల్ పంపు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపిన్ 1689లో దీని తొలి రూపము చేసినాడు. 1851లో లండను మహాప్రదర్శనములో జాన్ ఆపోల్డ్ అనే ఇంగ్లీషువాడు రెక్కలను వంపు తిప్పిన పంపును చూపినాడు. తిన్నని రెక్కలు గల పంపుల కంటె అది రెండింతలకు మించి మెరుగుగా పనిచేసినదని పరీక్షలో తేలినది. అక్కడినుంచి ఈ పంపు దేశదేశాలకు పాకినది.

మన వైపు దీనిని తెచ్చినది ఆయిల్ ఇంజను. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో శ్రీకాకుళం గంజాం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ మద్రాసు ప్రభుత్వములోనే ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు సేద్యపు నూతుల మీద ఆయిల్ ఇంజను, సెంట్రిఫ్యూగల్ పంపు పెట్టించి పరీక్షలు చేయించినాడు. 1926లో కిర్లోస్కరువారు ఈ దేశములోనే ఆ పంపు తయారు చేయసాగినారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై ఉత్తర కోస్తాకు కరెంటు అందివచ్చినది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడినది. ఏతము దూలము దిగిన మనిషి స్టార్టరు బొత్తాము నొక్కినాడు.

యంత్రము మారినది గాని, మాట మారలేదు. అదే చిక్కు.

సెంట్రిఫ్యూగల్ పంపులో బిరడా లేదు. రెక్కల చక్రము గిరగిర తిరిగి నీటిని అంచుకు విసరుతుంది. గొట్టము ఇరుకైతే చక్రము నీటిని బలవంతాన తోయదు. పోయినంత పోతుంది, పోనిది లోపలనే సుడి తిరుగుతుంది. బయటికి పోయే నీరు తగ్గినకొద్దీ ఈ పంపులలో ఎక్కువ వాటికి మోటారు మీద బరువు తగ్గుతుంది, పెరగదు.

నమ్మశక్యము కాకపోతే కళ్ళము చూడండి. బస్తాలు ఇంటిలోనికి మోసే కూలివాడున్నాడు. గుమ్మము వెడల్పుగా ఉంటే గంటకు 30 బస్తాలు మోస్తాడు, చెమటలు కారతాయి. గుమ్మము ఇరుకైతే 15 బస్తాలే పోతాయి, మధ్యలో నిలబడి సేద తీరుతాడు. వాడికి బరువు తగ్గినది, నిజమే. కాని కళ్ళములో బస్తాలు మిగిలిపోయినాయి, కూలి మాత్రము పూటకింతని ఇవ్వవలసినదే. వాన వస్తే ధాన్యము తడిసేది ఎవరిది?

గట్టుమీది అన్న చూచినది ఇదే. పెద్ద గొట్టము తగిలిస్తే మోటారు వేడెక్కినదన్న మాట నిజము. కాని దానినిబట్టి సన్నదే మంచిదనుట కూలివాడి అలుపు తగ్గినదని కళ్ళమును మరచిపోవుటే.

నీరు గొట్టములో ఎంత నష్టపడుతుందో కొలిచి చూపినది ఫ్రాన్సుదేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ. దిజోన్ పట్టణానికి మంచినీరు తెచ్చినవాడు ఆయనే. 1849 నుంచి 1851 వరకు పారిసు దగ్గర షాయో అనేచోట సన్నవి, లావువి, నునుపువి, గరుకువి ఎన్నో గొట్టాలు పరచి, వాటిలో నీరు పారించి, ఒరిపిడిలో పోయే బలాన్ని కొలిచినాడు. ఆ ఫలితాలు 1857లో అచ్చయినాయి. దాని సారము మన భాషలో ఇది: పారే నీరు అంతే ఉండి గొట్టము వెడల్పు సగమైతే, ఒరిపిడి రెండింతలు కాదు, నాలుగింతలు కాదు, సుమారు 32 ఇంతలవుతుంది. గొట్టము గరుకైతే మరికొంత.

మన 100 మీటర్ల గొట్టానికి ఈ లెక్క వేద్దాము. సెకనుకు 5 లీటర్లు పారుతున్నదనుకోండి. 2 అంగుళాల గొట్టములో ఒరిపిడికి పోయేది సుమారు 12 మీటర్ల ఎత్తుతో సమానము. 3 అంగుళాల దానిలో 2 మీటర్ల లోపు. 4 అంగుళాల దానిలో అర మీటరు లోపు. నూతి నీటిమట్టము నుంచి మడికి ఉన్న అసలు ఎత్తు 6 మీటర్లే అయితే, సన్న గొట్టము గల రైతు 6 మీటర్లు నీటిని ఎత్తడానికి, 12 మీటర్లు గొట్టము గోడలను రుద్దడానికి ఖర్చు పెడుతున్నాడన్నమాట. నుయ్యి తవ్వినది 6 మీటర్లకు, కరెంటు కాలేది 18 మీటర్లకు!

కాలువ నుంచి, గెడ్డ నుంచి, లోతు తక్కువ నూతి నుంచి తోడేచోట ఈ సంగతి మరీ ముఖ్యము. ఎత్తు తక్కువైనకొద్దీ మొత్తము శ్రమలో గొట్టము వాటా పెరిగిపోతుంది. లోతు బోరు గల రాయలసీమ రైతుకు గొట్టపు నష్టము పదిలో ఒక పాలు కావచ్చు, మనకు పదిలో ఆరు పాళ్ళు కావచ్చు.

ఇప్పుడు రెండు గొట్టాలను ఒకే పంపుకు తగిలించి చూద్దాము. ఇవి లెక్క కోసం అనుకొన్న అంకెలు, మీ పంపు అంకెలు వేరుగా ఉండును. 2 అంగుళాల గొట్టముతో పంపు సెకనుకు 5 లీటర్లు పోసినది, మోటారు మీద బరువు 2.2 అశ్వశక్తి. 3 అంగుళాల గొట్టము తగిలించగానే ఒరిపిడి తగ్గి 8 లీటర్లు పోసినది, బరువు 2.6 అశ్వశక్తికి పెరిగినది. చూచినారా! బరువు సుమారు 20 పాళ్ళు పెరిగినది, నీరు 60 పాళ్ళు పెరిగినది.

ఒక ఎకరానికి 7 సెంటీమీటర్ల తడి పెట్టాలంటే సుమారు 2,88,000 లీటర్లు కావలెను. సన్న గొట్టముతో 16 గంటలు, పెద్ద గొట్టముతో 10 గంటలు. ఇరుసు దగ్గర లెక్కిస్తే మొదటిదానికి సుమారు 26 యూనిట్లు, రెండవదానికి 19 యూనిట్ల చిల్లర. తేలికగా తిరిగిన మోటారే ఎక్కువ కరెంటు తిన్నది. గంటకు తక్కువ, తడికి ఎక్కువ. రోజుకు ఇన్ని గంటలే కరెంటు వచ్చేచోట 16 గంటలంటే ఒక రోజులో తెమలని పని. వరుస మీద పక్క మడి ఎండుతుంది, రాత్రిపూట చీకటిలో గట్టు మీద తిరగవలసి వస్తుంది.

ఇంత నష్టమును మనము ఇన్నేళ్ళు ఎందుకు గమనించలేదు? దానికీ చరిత్రలో కారణమున్నది. తొలి రోజులలో పంపుకు మీటరు ఉండేది, యూనిట్లు కంటికి కనిపించేవి. 1980ల మొదట్లో మీటరు లెక్క పోయి, అశ్వశక్తికి సాలుకు ఇంతని కట్టే పద్ధతి వచ్చినది. 2004 మే నెలలో సేద్యపు కరెంటు ఉచితమైనది. రైతుకు ఇవి ఊరట కలిగించినాయి, కాదనరాదు. కాని యూనిట్లు కంటికి కనపడకపోవుటచే గొట్టములో పోయే నష్టమూ కనపడకుండ పోయినది. కనిపించే ఖర్చు ఒక్కటే మిగిలినది, కాలిపోయిన మోటారు. దానితో "మోటారు తేలికగా తిరిగితే చాలు" అన్న మాటకు బలము వచ్చినది.

ప్రభుత్వము దీనిని గుర్తించకపోలేదు. 2005-06 విద్యుత్ టారిఫ్‌లో ఉచిత కరెంటుతోపాటు నాలుగు నియమాలు పెట్టినారు. తగిన కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. ముద్ర గల పంపుసెట్టు, ఒరిపిడి లేని ఫుట్‌వాల్వు, నాలుగవది హెచ్.డి.పి.ఇ. లేదా ఆర్.పి.వి.సి. గొట్టము. ఇనుప గొట్టము లోపల తుప్పుపట్టి గరుకెక్కును. ప్లాస్టిక్ గొట్టము నునుపుగా ఉండును. డార్సీ పారిసులో కొలిచిన సంగతి 150 ఏళ్ళకు మన కరెంటు నియమాలలోనికి వచ్చినదన్నమాట. కాని నియమములో చెప్పినది గొట్టము ఏ సరుకుతో చేసినదన్న మాటే. ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నది రైతు తెలివికే వదలినారు. అందుకే ఈ ముచ్చట.

"అయితే రేపే పెద్ద గొట్టం తగిలించేస్తాం" అనకండి, కొంచెము ఆగండి. అన్న హెచ్చరికలో నిజమున్నదని చెప్పినాను కదా. మీ పంపు ఎక్కువ ఎత్తుకు తయారైనదై, మీ ఎత్తు తక్కువై ఉంటే, ఇన్నాళ్ళూ సన్న గొట్టమే దానికి కళ్ళెము వేసి ఉండవచ్చు. ఒక్కసారిగా కళ్ళెము విప్పితే పంపు విపరీతముగా నీరు పోసి, మోటారు సత్తువకు మించిన బరువు తెస్తుంది. కరెంటు 20 పాళ్ళు పెరిగితే కాయిలులో వేడి 44 పాళ్ళు పెరుగును. పైగా సాయంత్రపువేళ ఓల్టేజి పడిపోతే మోటారు మరింత కరెంటు లాగుతుంది. మీ మోటారుతోపాటు పదిమంది రైతుల ట్రాన్స్‌ఫార్మరుకూ అది చేటు. రివైండింగుకు పట్టణము మోసుకుపోయి తెచ్చేలోగా ఆకుమడి ఎండుతుంది.

కావున గొట్టము మార్చిన రోజున చేయవలసిన పని ఇది. మోటారుకు అంటించిన రేకు మీద పూర్తి బరువుకు ఎన్ని ఆంపియర్లో రాసి ఉండును. స్టార్టరులోని ఆమ్‌మీటరు ముల్లు ఆ అంకె దాటరాదు. దాటితే డెలివరీ వాల్వు కొంచెము మూయండి, ముల్లు దిగుతుంది. అది తాత్కాలికపు మందు. అసలు మందు మీ ఎత్తుకు తగిన పంపు పెట్టుకొనుట. ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికి పడిపోతున్నదని దానిని కట్టివేయకండి. అది మోటారుకు కాపలా కుక్క వంటిది, మొరిగినందుకు నోరు కట్టరాదు.

సక్షన్ వైపు మాత్రము ఏ సందర్భములోను సన్న గొట్టము పనికిరాదు. టారిసెల్లి చెప్పిన 10 మీటర్ల హద్దు ఇక్కడ గుర్తు చేసుకోండి. ఆ కాస్త సత్తువలోనుంచే గొట్టపు ఒరిపిడి, ఫుట్‌వాల్వు అడ్డము, వంపుల నష్టము తీరవలెను. అందుచేత పంపు నీటిమట్టానికి 6 మీటర్లు మించకుండ పెట్టుట మేలు. సక్షన్ గొట్టము పంపు మూతి కంటె సన్నముగా ఉండరాదు, ఒక సైజు పెద్దదైతే మంచిది. అక్కడ ఇరుకైతే పంపులో నీరు బుడగలు కట్టి గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు చేస్తుంది. రెక్కలు గుంటలు పడి చెడిపోతాయి. ఆమ్‌మీటరు మాత్రము తక్కువే చూపిస్తుంది! తేలికను చూసి మోసపోరాదనుటకు ఇది మరొక సాక్ష్యము.

డెలివరీ వాల్వు బొత్తిగా మూసి ఎక్కువసేపు తిప్పరాదు. బరువు తక్కువే గాని, లోపలి నీరు తిరిగి తిరిగి కాగుతుంది, సీలు పోతుంది. నీట మునిగి ఉండే మోటారుకైతే పారే నీరే చల్లదనము. అలాగే కాలువ నుంచి తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు పోసే, ఓడ పంకా వంటి రెక్కల పంపులున్నాయి. వాటికి దారి మూసినకొద్దీ బరువు పెరుగును, వాటిని వాల్వు తెరిచే నడపవలెను. పంపు జాతి ఏదో తెలిసికోకుండ గొట్టము గురించి తీర్పు చెప్పరాదు.

విస్తరణ శాఖ సోదరులకు ఒక విన్నపము. ఊరిలో దీనిని ప్రదర్శించడానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, గడియారము ఒకటి, ఆమ్‌మీటరు ఒకటి చాలును. పాత గొట్టముతో డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండినది, ముల్లు ఎక్కడున్నది రాయండి. 40 సెకన్లయితే సెకనుకు 5 లీటర్లు, 25 సెకన్లయితే 8 లీటర్లు. పెద్ద గొట్టము అరువు తెచ్చి తగిలించి మళ్ళీ రాయండి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి రైతులనే తీర్పు చెప్పమనండి. మావ, అన్న ఇద్దరినీ పిలవండి. ఇద్దరి మాటలోను ఉన్న నిజము ఇద్దరికీ తెలుస్తుంది.

పెద్ద గొట్టము కొనే స్తోమతు లేనివారు కూడ కొంత చేయవచ్చును. గొట్టము పొడవు సగమైతే ఒరిపిడి సగమవుతుంది. అవసరానికి మించిన చుట్టలు విప్పండి, మెలికలు తీయండి. కొంత దూరము మట్టికాలువలో పారించగలిగితే పారించండి. నీరు పైకి ఎగిరి పడుతుంటే చూడ ముచ్చటే గాని, గట్టు మీద ఎగిరిన ప్రతి అడుగు ఎత్తూ దండుగే. గొట్టము మూతి మడికి దగ్గరగా దించండి.

ఏతము తొక్కిన మన పెద్దలకు ఆమ్‌మీటరు లేదు, కాని వారు రెండు లెక్కలూ చూసేవారు. కాలికి ఎంత బరువు పడినదో చూసేవారు, పాడుకుంటూ ఎన్ని బానలు పోసినారో లెక్కపెట్టేవారు. మనము మోటారు పెట్టిన తరువాత మొదటి లెక్క మాత్రము ఉంచుకొని రెండవది వదలినాము. దానిని మళ్ళీ పట్టుకొందాము. మోటారు బరువును ముల్లు చెప్పును, మడికి చేరిన నీటిని డ్రమ్ము చెప్పును. రెండూ విని, ఆ తరువాత గొట్టము కొనండి.